జాన్ మ్యూర్ ట్రెయిల్‌కి పప్పన్నం ఎండబెట్టుకుని తీసుకెళ్లాలి, ఏ డీహైడ్రేటర్ (వేడిగాలితో తిండి ఎండబెట్టే మెషీన్) కొనమంటారు?

కొండదారి (శాక్రమెంటో), మార్చి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆగస్టులో నేనూ మా ఆవిడా కాలిఫోర్నియా కొండల్లో ఉన్న జాన్ మ్యూర్ ట్రెయిల్ నడవబోతున్నాం. యోసెమిటీలో హ్యాపీ ఐల్స్ దగ్గర మొదలై విట్నీ శిఖరం దాకా 211 మైళ్లు, అక్కణ్నుంచి రోడ్డుకి దిగడానికి ఇంకో 11. మొత్తం 18 రోజులు అనుకుంటున్నాం.

పోయినేడాది నాలుగు రోజుల ట్రిప్‌కి షాపులో దొరికే ప్యాకెట్లు పట్టుకెళ్లాం. మా ఆవిడ శాకాహారి. మూడో రోజు రాత్రి ఆ చప్పటి పాస్తా సగంలో వదిలేసి, కాస్త పప్పన్నం ఉంటే ఎంత బావుండునో అంది. ఈసారి 18 రోజులు. తినలేకపోతే నడవలేం. అందుకే మన వంటే ఎండబెట్టి తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాం.

బడ్జెట్ 150 నుంచి 250 డాలర్లు. అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, వంటగది చిన్నది. గుండ్రటి ట్రేలు పేర్చేది కొనాలా, పెట్టెలా ఉండేది కొనాలా? ఎక్కువ వాట్లుంటే త్వరగా ఎండుతుందా? స్టీలు ట్రేలకి డబ్బు పెట్టడం దండగా?

వరుగులమూట (ఎడిసన్), మార్చి 9, రాత్రి 10:15

మెషీన్ సంగతి తర్వాత. ఏమేం ఎండబెడతారో ముందు చెప్పండి. వండినవా, పచ్చి కూరగాయలా? పప్పులాంటి జారుడు వంటలు ఎన్ని, ముక్కలుగా ఉండేవి ఎన్ని?

కొండదారి, మార్చి 9, రాత్రి 10:31

ముద్దపప్పు, టమాటా పప్పు, గోంగూర పప్పు, సాంబారు, అన్నం. బెండకాయ వేపుడు, వంకాయ కూర. నాకొక్కడికి కోడికూర, కీమా. దాదాపు సగం జారుడువే అక్కా.

వరుగులమూట, మార్చి 10, ఉదయం 6:50

అయితే మీ ప్రశ్నకి సగం జవాబు ఆ జాబితాలోనే ఉంది. నేను తొమ్మిదేళ్లుగా ఎండబెడుతున్నాను, రెండు రకాలూ వాడాను.

గుండ్రటి వాటిలో ట్రేలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ఫ్యాను పైనో కిందో ఉంటుంది. పెట్టె రకంలో ఫ్యాను వెనక గోడకి ఉండి గాలి ప్రతి ట్రే మీదుగా అడ్డంగా వీస్తుంది. ఆపిల్ ముక్కలకీ బెండకాయ చక్రాలకీ ఏదైనా ఒకటే. తేడా పప్పు దగ్గర తెలుస్తుంది. పప్పు పోయాలంటే జల్లెడ ట్రే మీద కన్నాల్లేని షీటు పరవాలి. గుండ్రటి మెషీన్‌లో ప్రతి ట్రేలో షీటు వేస్తే గాలి నడిమి గొట్టంలోంచీ అంచుల్లోంచీ మాత్రమే తిరగాలి. ఫ్యానుకి దగ్గరున్న ట్రే ముందు ఎండి, దూరంగా ఉన్నది తడిగానే ఉంటుంది. రెండు గంటలకోసారి లేచి ట్రేలు మార్చాలి. పెట్టెలో ఆ బాధ చాలా తక్కువ. అదీగాక షీటు చదరంగా, మధ్యలో కన్నం లేకుండా ఉంటుంది కాబట్టి గరిటెతో పరవడం, ఎండాక ఒలవడం తేలిక.

ఫ్యాను అడుగున ఉండే రకం మాత్రం మీరు కొనకండి. సాంబారు ఒక్క చుక్క జారినా నేరుగా హీటర్ మీద పడుతుంది.

ఇక వాట్లు. నెస్కో వాళ్ల ఐదు ట్రేల గుండ్రటి మోడల్ ఎఫ్‌డీ-75ఏ 600 వాట్లు. ఎక్స్‌కాలిబర్ తొమ్మిది ట్రేల పెట్టె, 15 చదరపు అడుగుల జాగా ఉన్నది, అదీ 600 వాట్లే. కోసోరి ఆరు స్టీలు ట్రేలదీ 600 వాట్లే. కాబట్టి వాట్లు చూసి ఏదీ తేల్చలేం. మూడు చూడండి: ఫ్యాను ఎక్కడుంది, ఉష్ణోగ్రత మనం పెట్టుకోగలమా, షీట్లు వేశాక నిజంగా ఎంత జాగా మిగులుతుంది. ఒకే వేడితో నడిచే చవక మెషీన్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

జాగా లెక్క ఇలా వేయండి. ఎక్స్‌కాలిబర్ ట్రే 15 అంగుళాల చదరం. పప్పు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పరిస్తే దాని మీద అర లీటరు పడుతుంది, అంటే ఇద్దరికి ఒక పూట. ఇద్దరికీ 18 పూటల పప్పంటే 18 ట్రేలు, రెండు వాయిలు. ఆరు ట్రేల పెట్టెలో ట్రే కొంచెం చిన్నది, నాలుగైదు వాయిలవుతుంది. అన్నానికి అలాగే నాలుగు, కూరలకి మూడు. మీ చేతిలో ఇరవై వారాంతాలు ఉన్నాయి. ఆరు ట్రేల పెట్టె చాలు. తొమ్మిది ట్రేలది పెద్ద కుటుంబానికో, పెరట్లో టమాటాలు పండించేవాళ్లకో.

స్టీలు దండగ కాదు. పసుపూ కారం ప్లాస్టిక్‌కి పట్టుకుంటే వదలవు, వాసన కూడా. కానీ పప్పు వేసేది షీటు మీద కాబట్టి ప్లాస్టిక్ ట్రే ఉన్నా పనైపోతుంది. షీట్లు మాత్రం మెషీన్‌తో ఒకటో రెండో వస్తాయి, ప్రతి ట్రేకి ఒకటి చొప్పున విడిగా కొనుక్కోండి. లేకపోతే బేకింగ్ పేపర్ కొలతకి కత్తిరించి వేసుకోవచ్చు.

వానచినుకు (సియాటెల్), మార్చి 10, ఉదయం 8:22

అక్క చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ గుండ్రటి మెషీన్‌ని అంత తీసిపారేయకండి. మౌంట్ రెయినియర్ చుట్టూ తిరిగే వండర్‌ల్యాండ్ ట్రెయిల్, 93 మైళ్లు, పది రోజుల తిండి మొత్తం పైన ఫ్యాను ఉన్న గుండ్రటిదాంట్లోనే ఎండబెట్టుకున్నాను. 100 డాలర్లలోపే అయింది. ఐదు ట్రేలతో వస్తుంది, కావాలంటే 12 దాకా పెంచుకోవచ్చు, పని అయ్యాక విడదీసి అలమరా పైన పెట్టేయొచ్చు. చిన్న వంటగదికి ఇది చిన్న విషయం కాదు. ట్రేలు మార్చాలన్నది నిజమే. నేను ఇంట్లోంచే పనిచేస్తాను, కాఫీకి లేచినప్పుడల్లా కింది ట్రే పైకి తెచ్చేవాణ్ని. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి అది కుదరదు.

పప్పు మాత్రం గరిటెజారుగా పోయకండి. కుక్కర్లో మెత్తగా ఉడికించి, మెదిపి, ఇడ్లీ పిండంత చిక్కగా అయ్యాక పరిస్తే అంచుల్లోంచి కారదు. సాంబారైతే ముక్కలూ నీళ్లూ కలిపి మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి.

పిడికెడు అటుకులు (ఆస్టిన్), మార్చి 10, ఉదయం 11:05

అసలే ఎండి ఉన్నవాటిని మళ్లీ వండి ఎండబెట్టే పని పెట్టుకోకండి. అటుకులు వేడినీళ్లలో రెండు నిమిషాల్లో మెత్తబడతాయి, వాటితోనే పులిహోర. వేయించిన రవ్వ, పోపుతో సహా సంచిలో కట్టుకుంటే ఉప్మా. కందిపొడి, కరివేపాకు కారం, మరమరాలు. సున్నుండలు చూడండి, మినప్పిండి, బెల్లం, నెయ్యి. నెయ్యి గ్రాముకి 9 కేలరీలు, అన్నం పప్పు పొడిగా తూచినా 4కి దగ్గర్లోనే. కొండెక్కేటప్పుడు మధ్యాహ్నం రెండు సున్నుండలు ఒక భోజనం చేసే పని చేస్తాయి. పొద్దున్నా మధ్యాహ్నమూ ఇలా సరిపెట్టుకుంటే మెషీన్‌కి మిగిలేది రాత్రి భోజనమే.

మెట్లదారి (హైదరాబాద్), మార్చి 10, రాత్రి 9:15 (మన టైము)

ఇక్కడ నా ప్రశ్న కూడా అడగొచ్చా? జూన్‌లో మేం నలుగురం వంటవాళ్లు లేకుండా హిమాచల్‌లో వారం రోజులు నడవాలని చూస్తున్నాం. అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన పాత మెషీన్ తెస్తానంటున్నాడు. లేకపోతే మేడ మీద ఎండ ఉండనే ఉంది. మా అమ్మమ్మ ఏటా మామిడి ఒరుగులూ గోరుచిక్కుడు వరుగులూ ఎండలోనే పెట్టేది. పప్పు కూడా అలా పెడితే?

వరుగులమూట, మార్చి 10, ఉదయం 11:58

తమ్ముడూ, అమ్మమ్మ ఎండబెట్టినవి పచ్చివి. పైగా ఉప్పు, ఒక్కోసారి మజ్జిగ కూడా పట్టించి పెట్టేవాళ్లు. వండిన పప్పూ అన్నం సంగతి వేరు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వండిన తిండిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మే నెల ఎండ ఎంత మండినా గాలి వేడి 60కి చేరదు, సాయంత్రానికి తగ్గిపోతుంది, రాత్రంతా సగం తడిగా ఉంటుంది. అన్నంతో మరీ జాగ్రత్త. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే అవి పెరిగి విషం చేస్తాయి, ఆ విషం తర్వాత ఎంత కాచినా పోదు. కొండ మీద వాంతులు మొదలైతే ఎవరొస్తారు? వరుగులు ఎండలో పెట్టండి, నిశ్చింతగా పెట్టండి. వండినది మాత్రం మెషీన్‌లో, అదీ వండిన వెంటనే పరవాలి. ఆ రోజు కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు.

వానచినుకు, మార్చి 10, మధ్యాహ్నం 1:30

మెట్లదారి గారూ, అన్నయ్యని ఆపండి. ఇక్కడి మెషీన్లు 120 వోల్టులవి, మీకక్కడ 230. నేరుగా ప్లగ్గు పెడితే కాలిపోతుంది. 600 వాట్ల హీటర్‌కి సరిపడే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే దాని ధరా బరువూ తక్కువేం కాదు. 230 వోల్టులకి చేసినది అక్కడే కొనుక్కోండి. ఉష్ణోగ్రత 70 సెల్సియస్ దాకా పెట్టుకునే వీలుందో లేదో చూసి కొనండి, మిగతావన్నీ పైన చెప్పినవే.

విశాఖ తీరం, మార్చి 11, ఉదయం 7:05 (మన టైము)

సముద్రం పక్కన ఉన్నవాళ్ల కోసం ఒక మాట. మా ఇంట్లో బెండకాయలు జనవరిలో ఏడు గంటల్లో ఎండితే ఆగస్టులో పదకొండు పట్టాయి, అదే మెషీన్, అదే వేడి. గాల్లోనే తేమ ఉంటే అది పీల్చుకోలేదు. పుస్తకంలో రాసిన గంటలు నమ్మకండి. నేను ట్రేలో కొంత తీసి తూస్తాను. గంట తర్వాత మళ్లీ తూస్తాను. బరువు మారకపోతే అయినట్టు. తీసిన అరగంటలో డబ్బాలో మూత బిగించకపోతే మళ్లీ మెత్తబడిపోతాయి.

కారంపొడి (డాలస్), మార్చి 11, రాత్రి 8:48

మాంసం గురించి ఎవరూ రాయలేదు. ఎండబెట్టడం అంటే వండటం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది ఇదీ: మాంసాన్ని ముందే 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, కోడిని 165కి వేడెక్కించి, ఆ తర్వాతే ఎండబెట్టాలి. కీమా కొవ్వు లేనిది తీసుకుని, వేయించి, జల్లెడలో వేసి వేడినీళ్లతో కడగండి. మిగిలిన కొవ్వే తర్వాత కంపు కొడుతుంది. వేయించేటప్పుడు కాస్త బ్రెడ్ పొడి కలిపితే ట్రెయిల్ మీద నీళ్లు బాగా పీలుస్తుంది, లేకపోతే రాళ్లు నమిలినట్టుంటుంది.

కోడి ముక్కలు మామూలుగా ఉడికించి ఎండబెడితే రబ్బరే. కుక్కర్లో పీచులుగా విడిపోయేదాకా ఉడికించి, చేత్తో సన్నగా చీల్చి పెట్టండి. గుడ్లు ఇంట్లో ఎండబెట్టకండి, సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఉంది, పొడి కొనుక్కోండి. మా గుంటూరు వైపు వాళ్లకి ఎండురొయ్యలు ఎలాగూ గుర్తొస్తాయి. రుచి సరే, కానీ ఆ వాసన ఎలుగుబంట్లున్న చోటికి నేనైతే పట్టుకెళ్లను.

కొండదారి, మార్చి 16, సాయంత్రం 5:20

అందరికీ ధన్యవాదాలు. కొనేముందు ఓవెన్‌లో ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. మా ఓవెన్ 170 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగదు. తలుపు సందులో చెక్కగరిటె పెట్టి, టమాటా పప్పు ఆరు గంటలు ఉంచాను. పైన అప్పడంలా గట్టిపడింది. విరిచి చూస్తే లోపల ఇంకా ముద్దగా ఉంది. ఇంకో మూడు గంటలుంచినా లోపల అలాగే ఉంది, అంచులు మాత్రం నల్లబడ్డాయి. ఎక్కడ తప్పు చేశాను? ఇల్లంతా పోపు వాసన, అది వేరే సంగతి.

వరుగులమూట, మార్చి 16, రాత్రి 9:02

రెండు తప్పులు, రెండూ అందరం చేసినవే.

మొదటిది వేడి. మరీ ఎక్కువ వేడిలో పైపొర ముందు బిగిసి తలుపు వేసినట్టవుతుంది, లోపలి తడికి బయటికి దారి ఉండదు. అలాంటిది చూడటానికి ఎండినట్టే ఉండి డబ్బాలో బూజు పడుతుంది. పప్పుకీ కూరగాయలకీ 135 ఫారెన్‌హీట్, అంటే 57 సెల్సియస్ దగ్గర్లో పెట్టండి. మాంసానికి 160. ఓవెన్ అంత కిందికి దిగదు కాబట్టే విడిగా మెషీన్ కొంటున్నాం. ఐదారు గంటలకి పప్పు పైన ఆరాక షీటు మీంచి ఒలిచి, తిరగేసి, జల్లెడ ట్రే మీద నేరుగా వేయండి. అడుగు వైపు కూడా గాలి తగులుతుంది. పూర్తయ్యాక పెళపెళ విరగాలి. మామిడి తాండ్రలా సాగితే ఇంకా టైముంది.

రెండోది పోపు. మీరు పోపు పెట్టిన పప్పు ఎండబెట్టారు కదా? నూనె ఎండదు. నీళ్లు పోయినా నూనె అలాగే ఉండి, వారాలు గడిచేకొద్దీ కంపు పడుతుంది. పప్పులో ఉప్పు, పసుపు, చింతపండు, మిరపకాయ అన్నీ వేయండి, నూనె చుక్క మాత్రం వద్దు. పోపు విడిగా నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేసి బాగా వేగనిచ్చి, చిన్న సీసాలో పోసుకోండి. కరివేపాకు కరకరలాడేదాకా వేగాలి, తడి ఉండకూడదు. రాత్రి అన్నంలోకి ఒక చెంచా. కేలరీలూ వస్తాయి, ఇంటి వాసనా వస్తుంది. మా అమ్మాయి మొదటిసారి కొండ మీద ఆ మూత తీసినప్పుడు ఎంత సంబరపడిందో నేను మర్చిపోలేను.

మీ బెండకాయ వేపుడూ అంతే. నూనెలో వేయించకుండా పచ్చి బెండకాయలే చక్రాలుగా కోసి ఎండబెట్టండి. వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో ఉడికించి పెట్టండి.

కొండదారి, ఏప్రిల్ 6, ఉదయం 10:12

వెనక ఫ్యాను ఉన్న ఆరు స్టీలు ట్రేల పెట్టె కొన్నాను. అదనంగా నాలుగు షీట్లు కూడా. గోంగూర పప్పు 135లో పది గంటలు, మధ్యలో ఒకసారి తిరగేశాను. పెళపెళా విరిగింది! మిక్సీలో వేస్తే ముదురాకుపచ్చ పొడి. నిన్న రాత్రి రెండు కప్పుల మరిగే నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఆగాం. మా ఆవిడ ఒక ముద్ద తిని, ఇది మనింటి పప్పే అంది. అప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

అన్నం కూడా బాగా వచ్చింది. కిలో అన్నం ఎండాక 330 గ్రాములైంది. ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది, రాత్రి పడకగది తలుపు వేసుకున్నాం.

వానచినుకు, ఏప్రిల్ 6, మధ్యాహ్నం 12:40

భేష్! ఇప్పుడు నిల్వ గురించి. తీసిన వెంటనే సంచుల్లో సీల్ చేయకండి. పొడి కాకుండా ముక్కలుగా ఉన్నవాటిని గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, వారం పది రోజులు రోజుకోసారి కుదపండి. కాస్త తడి మిగిలిన ముక్క ఉంటే మిగతావి పంచుకుంటాయి. సీసా గోడకి చెమట పడితే మళ్లీ మెషీన్‌లోకి. అది అయ్యాక వాక్యూమ్ సీల్ చేసి ఆగస్టు దాకా ఫ్రీజర్‌లో. అన్నం గింజల కొసలు సంచిని పొడుస్తాయి, ముందు కాగితంలో చుట్టండి.

పైకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయని గుర్తుంచుకోండి. 11,000 అడుగుల దగ్గర 89 సెల్సియస్‌కే మరుగుతాయి. ఇంట్లో పది నిమిషాలు పట్టింది అక్కడ ఇరవై అనుకోండి. గిన్నెకి పాత ఫోమ్ చాపతో తొడుగు కుట్టుకుంటే వేడి నిలుస్తుంది, గ్యాసు మిగులుతుంది. చాలామంది సాయంత్రం ఆగడానికి గంట ముందే బిగుతు మూత ఉన్న డబ్బాలో చల్లనీళ్లు పోసి నడుస్తూ నానబెట్టేస్తారు. పప్పుకి అక్కర్లేదు, బెండకాయకీ కోడికీ పనికొస్తుంది.

పిడికెడు అటుకులు, ఏప్రిల్ 7, ఉదయం 9:30

బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంట్లు తెరవలేని గట్టి తిండి డబ్బా) లెక్క చూసుకున్నారా? అక్కడ బరువు కంటే చోటు పెద్ద సమస్య. నా బేర్‌వాల్ట్ 500 పెద్ద సైజుదే, అయినా 11.5 లీటర్లే. దారి మధ్యలో మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌లో, ముందే పంపుకున్న తిండి బకెట్ తీసుకున్నాక విట్నీ దాటి రోడ్డెక్కేదాకా దాదాపు 110 మైళ్లు, మీ వేగానికి తొమ్మిది రోజులు.

కొండదారి, ఏప్రిల్ 7, రాత్రి 9:55

అదే ఈ వారం కూర్చుని కొలిచాను. ఒక పూట పప్పు, విరిచిన రేకులుగా ఉంటే కప్పున్నర చోటు తీసుకుంది. అదే మిక్సీలో పొడి చేస్తే అర కప్పు. అన్నం పొడి చేయలేం గనక, మధ్యాహ్నాలకి అటుకులు బదులు సున్నుండలు పెంచాను. ఇద్దరికీ చెరో క్యానిస్టర్, పప్పులన్నీ పొడిగా ఒకదాంట్లో అడుగున, వాటి మీద అన్నం సంచులు. తొమ్మిది రోజులది పట్టింది, పైన పళ్లపొడికీ సబ్బుకీ ఇంకా నాలుగు వేళ్ల జాగా ఉంది. సువాసన ఉన్నవన్నీ అందులోనే పెట్టాలి కదా.

వంకాయ కూర మాత్రం రెండుసార్లు ప్రయత్నించాను, నానాక తోలులా ఉంటోంది. అక్కా, ముక్క ఎంత సన్నగా కోస్తారు?

వరుగులమూట, ఏప్రిల్ 8, ఉదయం 7:10

ముక్కలుగా వద్దు. లేత నల్ల వంకాయ కాల్చి, తొక్క తీసి, పచ్చడిలా మెదిపి, షీటు మీద పప్పులాగే పరవండి. ఉల్లిపాయ విడిగా. నానడానికి ఐదు నిమిషాలు చాలు.

మెట్లదారి, ఏప్రిల్ 8, రాత్రి 10:20 (మన టైము)

230 వోల్టులది, వెనక ఫ్యాను ఉన్నది దొరికింది, 35 నుంచి 75 సెల్సియస్ దాకా పెట్టుకోవచ్చు. ఆదివారం ముద్దపప్పుతో మొదలుపెడుతున్నాను. అమ్మ మేడ మీద మామిడి ఒరుగులు ఇప్పటికే పెట్టేసింది, పప్పులోకి అవే వేస్తున్నాం.